గని నుండి వ్యాగన్ వరకు : బొగ్గు లోడింగ్ యంత్రాల పనితీరు - పడమటి మండలాల విద్యుత్ సరఫరాతో దాని సంబంధం

పుంగనూరు : పుంగనూరు పట్టణానికి రైలు మార్గం లేదు. మదనపల్లె వాసులు రైలెక్కవలెనన్నా ధర్మవరం - పాకాల మార్గంలోని మదనపల్లె రోడ్ స్టేషన్‌కు వెళ్ళవలసినదే. కుప్పం మీదుగా బెంగళూరు - జోలార్‌పేట మార్గం వున్నది గానీ, ఈ మూడు ప్రాంతాలలో ఎక్కడా బొగ్గు గని లేదు. అయినప్పటికీ బొగ్గును రైలు వ్యాగన్లలోనికి నింపే యంత్రాల గురించి ఇక్కడి పాత్రికేయ మిత్రులు, అధికారులు తెలుసుకొనవలసిన అవసరం ఎంతైనా వున్నది.

2021 అక్టోబరు మాసంలో దేశవ్యాప్తంగా థర్మల్ విద్యుత్ కేంద్రాలలో బొగ్గు నిల్వలు అడుగంటినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి లేఖ వ్రాస్తూ రాష్ట్రంలోని థర్మల్ కేంద్రాలకు 20 రేక్‌ల బొగ్గును కేటాయించవలసినదిగా కోరారు. మరుసటి సంవత్సరం, అనగా 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలోని పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చినది. ఆ రోజులలో పత్రికలలో 'రేక్' అనే మాట ప్రతినిత్యం కనిపించినది. కొన్ని వార్తలలో అది 'రేకు'గా అచ్చయి, ప్రభుత్వం ఇంటి కప్పు రేకులు అడుగుతున్నదేమోనన్న సందేహానికి కూడా తావిచ్చినది. రేక్ అనగా ఒకే గమ్యానికి బయలుదేరే వ్యాగన్ల పూర్తి వరుస. లేఖలో టన్నులు గాక రేక్‌లు అడగడానికి కారణం వున్నది. గనిలో బొగ్గు ఎంత వున్నదన్నది ఒక లెక్క. అది ఎన్ని రేక్‌లుగా నిండి గని సైడింగ్ దాటినదన్నది వేరొక లెక్క. విద్యుత్ కేంద్రానికి పనికివచ్చేది రెండవ లెక్క మాత్రమే.

ఒక రేక్ అంటే ఎంత?

బొగ్గు రవాణాకు భారతీయ రైల్వేలు ప్రధానంగా వాడేది బాక్స్-ఎన్ తరగతికి చెందిన, పై కప్పు లేని వ్యాగన్లు. ఒక రేక్‌లో సాధారణంగా 58 వ్యాగన్లు వుంటాయి. వ్యాగన్ రకాన్ని, ఆ మార్గంలో అనుమతించిన ఇరుసు బరువును బట్టి రేక్‌కు ఇంచుమించు 3,800 నుండి 4,000 టన్నుల బొగ్గు పడుతుంది.

కడప జిల్లా ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాము. 1994లో 210 మెగావాట్ల తొలి యూనిట్‌తో ప్రారంభమైన ఈ కేంద్రం, 2018లో 600 మెగావాట్ల యూనిట్ చేరికతో 1,650 మెగావాట్ల స్థాపిత సామర్థ్యానికి చేరుకున్నది. ఒక యూనిట్ కరెంటు ఉత్పత్తికి ముప్పాతిక కిలోకు కాస్త తక్కువగా, అనగా సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుందని లెక్క వేసుకుంటే, 210 మెగావాట్ల ఒక్క యూనిట్ 24 గంటలు పూర్తి సామర్థ్యంతో నడవడానికి 3,500 టన్నులు కావాలి. అంటే రోజుకు ఇంచుమించు ఒక రేక్. కేంద్రమంతా పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు 7 రేక్‌లు. బొగ్గు నాణ్యత తగ్గిన కొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది.

ఇదే లెక్కను పడమటి మండలాల రైతు వైపు నుండి చూడవచ్చు. ఒక రేక్ బొగ్గు నుండి సుమారు 57 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. మన ప్రాంతంలో బోరు బావులు లోతు. చిన్న మోటారు నీటిని పైకి తేలేదు. ఏడున్నర హార్స్ పవర్ మోటారు 9 గంటలు నడిస్తే, లైను నష్టాలతో కలిపి 60 యూనిట్లు ఖర్చవుతాయనుకుంటే, ఒక రేక్ బొగ్గు సుమారు 95 వేల మోటార్లను ఒక రోజు నడపగలదు. టమోటా తోటకు, మల్బరీకి, పశుగ్రాసానికి పారే నీరంతా ఈ విధంగా పైకి వచ్చినదే. రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004 నుండి అమలులో వున్నది. హంద్రీ-నీవా పథకం పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల ద్వారా వచ్చే కృష్ణా జలాలు సైతం మల్యాల మొదలు అనేక దశల పంపులతో ఎత్తిపోయబడినవే. గ్రిడ్‌లో జల, సౌర, పవన విద్యుత్తు కూడా కలిసి వుంటుంది గనుక, ఏ మోటారుకు ఏ బొగ్గు అని విడదీసి చెప్పలేము. కానీ సాయంత్రం సూర్యుడు అస్తమించిన తరువాత గ్రిడ్ భారం మోసేది ప్రధానంగా బొగ్గే.

తట్టా చెమ్మస్ కాలం

తెలుగు నేలపై బొగ్గు కథ ఇల్లందులో మొదలైనది. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొంది, 1889లో ఉత్పత్తి ప్రారంభించినది. నిజాం రైల్వే బెజవాడ వరకు సాగిన కాలం కూడా అదే. రైలు లేనిదే బొగ్గుకు విలువ లేదని, బొగ్గు లేనిదే ఆనాటి రైలు నడవదని ఇరుపక్షాలకూ తెలుసు. ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామం పేరుతో 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1960 నుండి ఇందులో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలు వున్నాయి. 2014లో రాష్ట్ర పునర్విభజన అనంతరం రాష్ట్ర వాటా తెలంగాణకు చెందినది.

తొలి దశాబ్దాలలో బొగ్గు నింపడమంటే మనిషి చేతి పని. గనిలో 'కోల్ ఫిల్లర్' అని పిలువబడే కార్మికుడు చెమ్మస్‌తో బొగ్గును తట్టకెత్తి, తట్టను టబ్బులో పోసేవాడు. సింగరేణి కార్మిక కుటుంబాలలో 'తట్టా చెమ్మస్' అనే జంట పదం నేటికీ వినవస్తుంది. టబ్బులు పైకి వచ్చిన తరువాత టిప్లర్ వద్ద తలక్రిందులై, జల్లెడల మీదుగా బొగ్గు సైజుల వారీగా విడిపోయి వ్యాగన్లకు చేరేది. అమెరికాలో ఇటువంటి కట్టడానికి 'టిపుల్' అన్న పేరు టబ్బును ఒరగదోసే ఈ చర్య వలననే వచ్చినది.

నేటి రేక్‌ను తట్టలతో నింపవలెనంటే, తట్టకు 25 కిలోల చొప్పున 1 లక్షా 60 వేల తట్టలు ఎత్తవలసి వుంటుంది. యంత్రాలు వచ్చి ఉపాధి పోయినదన్న విమర్శను తేలికగా తీసుకొనరాదు. అదే సమయంలో, తట్టా చెమ్మస్ పనిని తిరిగి కోరుకునే కార్మికుడు దొరకడం కష్టమన్నది కూడా వాస్తవమే.

పేలోడరు నుండి సైలో వరకు

చేతి పనికి తరువాతి మెట్టు పేలోడరు. ముందు పెద్ద బకెట్ గల చక్రాల యంత్రమిది. టిప్పర్లు గని నుండి బొగ్గును తెచ్చి సైడింగ్ ప్రక్కన కుప్ప పోస్తాయి. పేలోడరు ఎత్తైన అరుగుపై నిలిచి వ్యాగన్‌లో పోస్తుంది. బకెట్‌కు ఐదారు టన్నులనుకుంటే ఒక వ్యాగన్‌కు సుమారు 12 బకెట్లు, రేక్‌కు దాదాపు 700 బకెట్లు. నాలుగైదు యంత్రాలు ఒకేసారి పనిచేసినా గంటల సమయం పడుతుంది. అరుగు ఒక వైపే వుంటుంది గనుక బొగ్గు వ్యాగన్‌లో ఒక ప్రక్కకు ఎక్కువగా చేరే ప్రమాదమున్నది. ఎంత బరువు పడినదన్నది ఆపరేటరు కంటి అంచనాయే. ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. చిన్న సైడింగులలో, యంత్ర ప్లాంటు మరమ్మతులో వున్నప్పుడు నేటికీ ఇదే ఆధారం.

పెద్ద గనులకు కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు, అనగా సి.హెచ్.పి. వుంటుంది. కొత్తగూడెం సమీపంలోని రుద్రంపూర్, మణుగూరు, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, గోలేటి తదితర ప్రాంతాలలోని సి.హెచ్.పి.లు సింగరేణిలో పేరుపొందినవి. ప్లాంటులో బొగ్గు ప్రయాణం ఈ విధంగా సాగుతుంది. ఓపెన్ కాస్ట్ గని నుండి డంపర్లు తెచ్చిన బొగ్గు మొదట గ్రిజ్లీ అనే ఇనుప కడ్డీల జాలిపై పడుతుంది. జాలి దాటని పెద్ద పెళ్ళలను బ్రేకర్ పగులగొడుతుంది. అనంతరం ఫీడర్ బ్రేకర్, క్రషర్‌లలో విద్యుత్ కేంద్రానికి కావలసిన సైజుకు నలుగుతుంది. అక్కడి నుండి కన్వేయర్ బెల్టు. బెల్టు పైభాగాన వ్రేలాడే అయస్కాంతం, బొగ్గుతో కలిసి వచ్చిన ఇనుప బోల్టులను, తెగిన యంత్ర పళ్ళను ఏరివేస్తుంది. చిన్న ఇనుప ముక్క సైతం బెల్టును నిలువునా చీల్చగలదు. బెల్టు చిరిగితే ఆ రోజు రేక్‌లు లేనట్లే.

బెల్టు చివర వుండేది బంకర్ లేదా సైలో. సైలో అంటే పట్టాలకు పైన, రైలు క్రింద నుండి దూరి వెళ్ళేటట్లు కట్టిన భారీ గోపురం వంటి నిల్వ గది. రైలు లేనప్పుడు బొగ్గు చేరుతూ వుంటుంది. రైలు రాగానే నిల్వ నుండి ఒక్కసారిగా దిగుతుంది. ఈ ఏర్పాటు ప్రయోజనమంతా ఇక్కడే వున్నది. గని గంట గంటకూ సమానంగా పనిచేస్తుంది, రైలు మాత్రం తన వీలును బట్టి వస్తుంది. ఈ రెండింటి వేగాలకు పొత్తు కుదిర్చేదే సైలో.

నడుస్తున్న రైలులో నింపడం

ర్యాపిడ్ లోడింగ్ సిస్టమ్ అనే ఆధునిక విధానంలో సైలో అడుగున మరొక చిన్న తొట్టి వుంటుంది. దీనిని వెయ్ బిన్ అంటారు. తొట్టి లోడ్ సెల్స్ అనే బరువు గ్రాహకాలపై ఆని వుంటుంది. రాబోయే వ్యాగన్‌కు ఎంత బరువు అనుమతి వున్నదో కంప్యూటరుకు ముందే తెలుసు. అంత బొగ్గు తొట్టిలోనికి దిగగానే పై హైడ్రాలిక్ గేట్లు మూసుకుంటాయి. వ్యాగన్ సరిగ్గా క్రిందికి రాగానే చ్యూట్ అనే వాలు గొట్టం వ్యాగన్‌లోనికి దిగి, అడుగు గేటు తెరుచుకుంటుంది. రైలు ఆగదు. వ్యాగన్ ముందుకు సాగుతూ వుండగానే బొగ్గు ఒక చివర నుండి మరొక చివర వరకు పరుచుకుంటుంది. చ్యూట్ అంచు పైభాగాన్ని చదును చేస్తుంది. రెండు వ్యాగన్ల మధ్య సందు వచ్చే లోపు గేటు మూసుకొనకపోతే బొగ్గు పట్టాలపై పడుతుంది. ఆ సందు గడిచే కొద్ది క్షణాలే తొట్టి మళ్ళీ నిండడానికి వుండే వ్యవధి.

వ్యాగన్‌కు ఒక నిమిషం చొప్పున 58 వ్యాగన్ల రేక్ ఇంచుమించు గంటలో నిండుతుంది. బాక్స్-ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు. కనుక నిమిషానికి అంత దూరమే, అనగా గంటకు కిలోమీటరులో మూడింట రెండు వంతుల వేగంతో రైలు కదలాలి. ఊరేగింపులో పెండ్లి బండి ఇంతకన్నా వేగంగా పోతుంది. నాలుగు వేల టన్నుల రైలును కుదుపు లేకుండా ఇంత నెమ్మదిగా లాగడం మామూలు ఇంజనుకు సులభం కాదు. ఇందుకు తక్కువ వేగాన్ని స్థిరంగా నిలిపే ప్రత్యేక నియంత్రణ గల ఇంజన్లు అవసరం. లోడింగ్ ముగిసే వరకు ఇంజను రేక్‌తోనే వుండి, నిండగానే బయలుదేరే పద్ధతిని రైల్వేలు 'ఇంజన్ ఆన్ లోడ్' అంటున్నాయి.

గని, విద్యుత్ కేంద్రం దగ్గర దగ్గరగా వుంటే ఈ విధానాన్ని మరింత ముందుకు తీసుకొనిపోవచ్చు. 1960 దశకం మధ్యలో బ్రిటన్‌లో మొదలైన 'మెర్రీ-గో-రౌండ్' పద్ధతిలో రైలు వలయాకారపు మార్గంలో తిరుగుతూ ఒక చోట నిండి, మరొక చోట అడుగు తలుపులు తెరుచుకుని ఖాళీ అవుతుంది. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రానికి సింగరేణి గనుల నుండి బొగ్గు ఈ పద్ధతిలోనే చేరుతుంది. ముద్దనూరుకు ఆ అవకాశం లేదు. వందలాది కిలోమీటర్ల దూరం, మధ్యలో ప్రయాణికుల రైళ్ళు, ఇతర సరుకు రైళ్ళు. కనుక లోడింగ్‌లో పోయిన ప్రతి గంటా దారిలో మరికొన్ని గంటలై కూర్చుంటుంది. అనుకున్న సమయానికి సైడింగ్ దాటని రైలుకు ఆ తరువాత మార్గం దొరకడం గార్డుకు, స్టేషన్ మాస్టరుకు తెలిసిన బాధ.

బరువు తగ్గినా, పెరిగినా

ఈ యంత్రాలను కేవలం వేగం కోసమే వాడుతున్నారనుకోవడం సరికాదు. అనుమతించిన దానికంటే బరువు ఎక్కువైతే ఇరుసు వేడెక్కుతుంది, స్ప్రింగు విరుగుతుంది, పట్టా అరుగుతుంది. ఒక వైపు భారం ఎక్కువైతే వంపుల వద్ద వ్యాగన్ పట్టాలు తప్పవచ్చు. ఆ పట్టాలపైనే ప్రయాణికుల రైళ్ళు కూడా నడుస్తాయన్నది మరువరాదు. 1989 రైల్వేల చట్టంలోని 73వ సెక్షన్ అధిక లోడుకు దండన రూపపు ఛార్జీ విధించే అధికారాన్ని రైల్వేలకు ఇచ్చినది. 2000 దశకం మధ్యలో రైల్వేలు ఎంపిక చేసిన మార్గాలలో వ్యాగన్ల మోత సామర్థ్యాన్ని పెంచిన తరువాత ఖచ్చితమైన తూకం అవసరం మరింత హెచ్చినది. తక్కువ లోడు వేసినా నష్టమే. వ్యాగన్‌కు 2 టన్నులు తగ్గినా రేక్‌కు 116 టన్నుల లోటు. పైగా సాధారణంగా రవాణా ఛార్జీని వ్యాగన్ సామర్థ్యాన్ని బట్టి చెల్లించవలసి వస్తుంది. నిర్ణీత ఉచిత సమయం దాటి రేక్‌ను నిలిపితే డెమరేజ్ అదనం. ఈ ఖర్చులన్నీ తుదకు యూనిట్ ధరలోనే తేలుతాయి.

రేక్ బయలుదేరే ముందు, నడుస్తూ వుండగానే తూచే ఇన్-మోషన్ వే బ్రిడ్జి మీదుగా వెళుతుంది. బొగ్గు నాణ్యతకు వేరే పరీక్ష వున్నది. 2012 జనవరి నుండి దేశంలో బొగ్గును దాని ఉష్ణ విలువ ఆధారంగా జి-1 మొదలు జి-17 వరకు గ్రేడులుగా విభజిస్తున్నారు. బెల్టుపై నుండి యంత్రం ద్వారా నిర్ణీత వ్యవధులలో నమూనా తీయడం, వ్యాగన్ పై నుండి మనిషి ఎంచి తీసిన నమూనా కంటే వివాదరహితం.

అయితే యంత్రానికీ బలహీనతలు వున్నాయి. వర్షాకాలంలో తడిసిన సన్న బొగ్గు బంకమట్టి వలె గోడలకు అంటుకుని చ్యూట్‌ను మూసివేస్తుంది. ఎక్కువ కాలం నిల్వ వున్న బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. అటువంటి నిప్పు బెల్టుపై పడితే గంటలలో ప్లాంటు మూతబడుతుంది. దుమ్మును అణచడానికి ప్రతి మార్పిడి స్థానం వద్ద నీటి తుంపర్లు చల్లాలి. ఎక్కువ చల్లితే బొగ్గు తడిసి బరువు పెరుగుతుంది, ఉష్ణ విలువ తగ్గుతుంది. అన్నింటికంటే ముఖ్యమైనది మనుషుల భద్రత. నడుస్తున్న బెల్టు క్రింద రాలిన బొగ్గును ఎత్తబోయి రోలరు మధ్య చిక్కుకునే ప్రమాదం ఈ ప్లాంట్లలో అత్యంత ఘోరమైనది. బెల్టు పొడవునా పుల్ కార్డ్ అనే లాగుడు తాడు వుంటుంది. ఎక్కడ లాగినా బెల్టు ఆగిపోవాలి. ఆ తాడు పనిచేస్తున్నదా, శుభ్రపరిచే ముందు కరెంటు నిలిపి తాళం వేశారా అన్నవి లోడింగ్ రికార్డుల కంటే ముందు అడుగవలసిన ప్రశ్నలు. ఈ పనిలో ఎక్కువగా వుండేది కాంట్రాక్టు కార్మికులే.

బొగ్గు కొరత వార్త వ్రాసేటప్పుడు

సింగరేణి 2023-24లో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గును ఉత్పత్తి చేసినది. రోజుకు లెక్కవేస్తే ఇది 48 రేక్‌లకు సమానం. కొంత బొగ్గు రోడ్డు మార్గాన, మరికొంత నేరుగా దగ్గరలోని కేంద్రాలకు వెళుతుంది. ఇంత ఉత్పత్తి వుండగా కేంద్రంలో నిల్వ ఎందుకు తగ్గినదన్న ప్రశ్నకు 'బొగ్గు కొరత' అన్న రెండు మాటలు సమాధానం కాజాలవు. బొగ్గు తవ్వకమే తగ్గినదా, తవ్వినది గని వద్దనే కుప్పగా వున్నదా, సైలో నిండుగా వున్నా ఖాళీ రేక్ రాలేదా, నిండిన రేక్ దారిలో నిలిచినదా, కేంద్రానికి చేరినా దించడం ఆలస్యమైనదా, లేక బకాయిల వలన సరఫరా తగ్గినదా అన్నది విడివిడిగా విచారించాలి. ఒక్కొక్క దానికి బాధ్యులు వేరు, పరిష్కారం వేరు. జిల్లా స్థాయి సమీక్షలలో అధికారులు నిల్వను టన్నులలో గాక 'ఎన్ని రోజులకు సరిపోతుంది' అన్న లెక్కలో, వచ్చిన రేక్‌ల సంఖ్యతో కలిపి తెలియజేస్తే పత్రికల వారికీ, ప్రజలకూ విషయం తేటతెల్లమవుతుంది.

గని నుండి సైడింగ్ వరకు టిప్పర్లతో సాగే తొలి ప్రయాణాన్ని తగ్గించడానికి కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2019లో 'ఫస్ట్ మైల్ కనెక్టివిటీ' పేరుతో ప్రాజెక్టులు చేపట్టినది. గని ముఖద్వారం నుండి సైలో వరకు కన్వేయర్, సైలో నుండి ర్యాపిడ్ లోడింగ్ అన్నది దీని సారాంశం. టిప్పర్లు తగ్గితే డీజిలు మిగలడమే గాక, గని గ్రామాల రోడ్లపై దుమ్ము, ప్రమాదాలు తగ్గుతాయి. సత్తుపల్లి ఇందుకు దగ్గరి ఉదాహరణ. అక్కడి ఓపెన్ కాస్ట్ గనుల బొగ్గు ఏళ్ళ తరబడి లారీలపై కొత్తగూడెం వైపు తరలేది. భద్రాచలం రోడ్ - సత్తుపల్లి మధ్య సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గాన్ని సింగరేణి భాగస్వామ్యంతో నిర్మించగా, ప్రధానమంత్రి 2022 నవంబరు 12న రామగుండంలో దానిని జాతికి అంకితం చేశారు.

ఈ ప్రక్రియను ప్రత్యక్షంగా చూడగోరే పాత్రికేయులు గని ప్రాంగణంలోనికి యాజమాన్యం అనుమతి లేనిదే ప్రవేశం వుండదని గమనించగలరు. పడమటి మండలాల వారికి ముద్దనూరు దగ్గర. అక్కడ కనిపించేది లోడింగ్‌కు తలక్రిందులైన దృశ్యం. వ్యాగన్ టిప్లర్ ఒక్కొక్క వ్యాగన్‌ను బిగించి పట్టి బోర్లించగా, గనిలో ఒక నిమిషంలో నిండిన బొగ్గు క్రింది తొట్టిలోనికి జారి, మళ్ళీ బెల్టెక్కి బాయిలరు వైపు సాగిపోతుంది.